నేను ఆమెన్ చెప్పిన అభియోగం

ఈ సంవత్సరం నాకు జరిగిన అన్యాయాలు, తేదీల వారీగా:

జూన్, మొదటి ఆదివారం. ఆరాధనలో రొట్టె పళ్లెం నా ముందు ఆగలేదు. ద్రాక్షరసం గ్లాసులూ ఆగలేదు. కారణం చెప్పలేదు.

జూన్, మూడవ ఆదివారం. వాక్యం చదివే వంతు నాది. నేను కళ్లజోడు తుడుచుకుని లేచేలోగా మరొకరు లేచి చదివారు. రెండు చోట్ల తప్పు చదివారు. అది వేరే అన్యాయం, అయినా నమోదు చేస్తున్నాను.

జూలై, మొదటి ఆదివారం. పళ్లెం ఆగలేదు. కారణం చెప్పలేదు.

జూలై, రెండవ బుధవారం. మా ఇంట్లో జరగవలసిన కుటుంబ ప్రార్థన వేరే ఇంట్లో జరిగింది. మారిన సంగతి మాకు గురువారం తెలిసింది. బుధవారం సాయంత్రం నా భార్య చాపలు పరిచి, టీకి పాలు కాచి, వీధి తలుపు తీసి కూర్చుంది.

ఆగస్టు, మొదటి ఆదివారం. పళ్లెం ఆగలేదు. పైగా ఒకరు లేచి తమ కుర్చీ నాకిచ్చారు. ఫ్యాను కింద కుర్చీ. దానినీ నేను అన్యాయాల్లోనే చేర్చాను. ఎందుకో చెబుతాను.

నేను మండల కార్యాలయంలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ని. నా ఉద్యోగమంతా ఉదయగిరి, మర్రిపాడు, ఆత్మకూరుల మధ్యనే గడిచింది. ఈ రోడ్డు మీదనే, ఒక చిన్న ఊళ్లో, నాయన కట్టిన ఇంట్లో ఉంటున్నాను. వచ్చిన కాగితం మీద వచ్చిన తేదీ, పంపిన కాగితం మీద పంపిన తేదీ వేయడం నాకు ఉద్యోగం నేర్పిన పద్ధతి. ఉద్యోగం పోయినా పద్ధతి పోలేదు. గ్యాసు బండ ఎప్పుడు మార్చామో అడిగితే ఇప్పటికీ చెప్పగలను.

మా సంఘంలో నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. చిన్న ముక్కలుగా కోసిన రొట్టె స్టీలు పళ్లెంలో వరసల వెంట వస్తుంది. వెనకనే వేలెడంత గ్లాసుల్లో ద్రాక్షరసం వస్తుంది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. తీసుకున్న ముక్కను వెంటనే తినకూడదు. అరచేతిలో పట్టుకుని, అందరికీ అందిన తరువాత పాస్టరు అయ్యగారు చెప్పినప్పుడు అందరూ ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. తప్పు చేసిన సభ్యుణ్ని కొంతకాలం బల్లకు దూరంగా ఉంచడం మా తాతల నాటి క్రమశిక్షణ. అలా ఉంచేముందు ఆ తప్పేమిటో అతనికి చెప్పడం కూడా అంతే పాత క్రమం. మొదట ఒకరు వెళ్లి ఏకాంతంగా చెప్పాలి. వినకపోతే ఇద్దరు వెళ్లి చెప్పాలి. అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టాలి. ఈ క్రమంతో నాకు తగాదా లేదు. ఇందులో ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా నన్ను ఎలా దించారన్నదే నా ప్రశ్న.

జూన్‌లో పళ్లెం పట్టుకుని వచ్చినవాడు మా సంఘ పెద్దల్లో ఒకడైన డీకను. నా భార్యకు చిన్నాన్న కొడుకు, అంటే నాకు బావమరిది. నేను చేయి చాపాను. అతను నా తల మీదుగా గోడ గడియారం వైపు చూస్తూ పక్కవారి దగ్గరకు జరిగాడు. పొరపాటు అనుకున్నాను. ద్రాక్షరసం వచ్చినప్పుడు మళ్లీ గడియారమే చూశాడు. అప్పుడు ఆడవాళ్ల వైపు చూశాను. నా భార్య అంతా చూసింది. తన దగ్గరకు పళ్లెం వచ్చినప్పుడు రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది. పళ్లెం ఒక క్షణం ఆగి, ముందుకు పోయింది.

ఆరాధన అయ్యాక వాకిట్లో చెప్పులు వెతుక్కుంటున్న తమ్ముణ్ని ఆమె పట్టుకుంది.

"ఏందిరా, మీ బావ చెయ్యి నీకు కనపళ్లేదా?"

"అది పెద్దల మాటక్కా."

"నువ్వు పెద్దోడివి గాదా? తలంతా నెరిసిందే."

"నన్నడగమాకక్కా."

"నిన్నడగక పళ్లేన్నడగనా?"

అతను ఒక చెప్పు తనదీ ఒక చెప్పు ఇంకొకరిదీ వేసుకుని వెళ్లిపోయాడు.

కోపం వచ్చిన మాట నిజమే. కాని ఆ కోపం వెనకనే ఇంకొకటి వచ్చింది. దానిని కుతూహలం అనాలి. మా రోడ్డు మీద ఏ సంగతీ దాగదు. మర్రిపాడులో ఎవరి గొర్రెలు తప్పిపోయినా, సంగం ఊళ్లో ఎవరి పెళ్లి సంబంధం చెడినా మధ్యాహ్నం బస్సు దిగేసరికి మా ఊరికి తెలుస్తుంది. అలాంటిచోట నేను చేసిన తప్పు నాకు తప్ప అందరికీ తెలిసిపోయిందా? లేక నాతో సహా ఎవరికీ తెలియదా? రెండింటిలో ఏది ఎక్కువ విచిత్రమో తేల్చుకోలేకపోయాను.

ఒక్క విషయం మాత్రం స్పష్టంగా కనిపించింది. నా మీద మర్యాద పెరిగింది. అంతకుముందు "ఏం సార్, ఇంకా కాటికి కాళ్లు చాపలా?" అని ఎగతాళి చేసే టీకొట్టాయన గ్లాసు కడిగి, తుడిచి, రెండు చేతులా ఇవ్వసాగాడు. ఆటోలో ముందు సీటు ఖాళీ చేసి కూర్చోమన్నారు. చావు జరిగిన ఇంటివారితో మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడారు. ఆగస్టులో ఆ ఫ్యాను కుర్చీలో కూర్చున్నప్పుడు, ఈ మర్యాదను నేను ఇంతకుముందే ఎక్కడో చదివానని తోచింది. ఎక్కడ చదివానో ఇంటికి చేరేలోగా గుర్తుకొచ్చింది.

ఆత్మకూరులో తెలుగు పండితుడిగా పనిచేసిన నా స్నేహితుడు ఒక నవల రాశాడు. రాశాడు అనడం సరికాదు. రాస్తూ ఉండగా చనిపోయాడు. అతనిది సంగం దగ్గర పెద్ద సేద్యగాళ్ల కుటుంబం. పొలం తమ్ముళ్లకు వదిలేసి తాను బడిలో చేరాడు. వాడిన ప్రశ్నపత్రాల వెనక పక్క రాసేవాడు. నా దస్తూరీ బాగుంటుందని సాపు ప్రతి తీసే పని నాకు అప్పగించాడు. అతను పోయాక ఆ కాగితాలు మా ఇంట్లోనే ఉండిపోయాయి. అట్టలో పెట్టి, టేపు కట్టి, పైన ‘అసంపూర్తి’ అని రాసి బీరువాలో ఉంచాను.

నవలలో కథానాయకుడు కాలువ తూములు ఎత్తి దించే లస్కరు. ఒకరోజు అతని మీద కోర్టులో వాయిదా ఉందని ఎవరో చెబుతారు. వెళ్తాడు. పేరు పిలుస్తారు, పలుకుతాడు, మళ్లీ రమ్మంటారు. ఏం కేసో చెప్పరు. ఎవరు పెట్టారో చెప్పరు. చెప్పకపోగా ఊరంతా అతన్ని మర్యాద చేయడం మొదలుపెడుతుంది. బస్సు కండక్టరు టికెట్టు వద్దంటాడు. మంగలి, వరసలో ఉన్నవాళ్లను ఆపి ముందు అతనికే గడ్డం గీస్తాడు. కూరగాయలామె కొసరు వేస్తుంది. మొదట్లో లస్కరు సంతోషిస్తాడు. తరువాత ఒకనాడు రేషను షాపులో తనను ముందుకు పిలిచినప్పుడు, "నేనేం చేసినానని ఇంత మర్యాద?" అంటాడు. "చేసిందేందో నీకు తెలుసు గదన్నా" అంటాడు డీలరు, బియ్యం తూస్తూనే.

ఈ నవల మీద నేనూ నా స్నేహితుడూ ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ తాగుతూ పడిన తగాదాలకు లెక్క లేదు. అతను నన్ను నా హోదాతోనే వెక్కిరించేవాడు.

"ఏమయ్యా సూపర్నెంటూ, సాపు చేసినావా?"

"చేసినాను. నేరమేందో మొదటి పేజీలో రాయవేందిరా?"

"నాకు తెలిస్తే గదా రాసేదానికి."

"రాసేవోడివి నువ్వు. నీకే తెలవకపోతే ఇంకెవురికి తెలుస్తాది?"

"నీ సర్వీసులో నువ్వు సంతకం పెట్టిన కాగితాలన్నీ చదివే పెట్టినావా?"

"అన్నీ చదివినాను."

"అందుకే నీకు నవల రాదు పో."

దీనిని నవల అనరు, పెండింగు ఫైలు అంటారని నేను తేల్చి చెప్పాను. అతను పొలమారేంతగా నవ్వి, ఆ మాట కూడా ఏదో ఒక పాత్ర చేత అనిపిస్తానన్నాడు. అనిపించాడో లేదో ఆగస్టులో వెతికాను. అనిపించలేదు.

వెతకడానికి ముందు కాగితాలను వరసలో పెట్టవలసి వచ్చింది. అతను అధ్యాయాలకు అంకెలు వేయలేదు. ఏది ముందు, ఏది వెనక అని అడిగితే "కేసుకు తెలుసు" అనేవాడు. నేనొక పద్ధతి కనిపెట్టాను. కథానాయకుడు లస్కరు కనుక ప్రతి అధ్యాయంలో కాలువ ఎక్కడో ఒకచోట కనబడుతుంది. సోమశిల డ్యాము నుంచి నీళ్లు వదిలిన సమయమా, కాలువ నిండుగా ఉందా, కోతలకు నీళ్లు ఆపేశారా, అడుగున బురద ఎండి పగిలిందా అని చూసుకుంటూ పేర్చాను. దాదాపు అన్నీ కుదిరాయి. ఒక్క అధ్యాయంలో మాత్రం కాలువ లేదు. అతను మొట్టమొదట కోర్టుకు వెళ్లినదో, తరువాతెప్పుడో వెళ్లినదో తెలియని ఒక వాయిదా అది. దానిని విడిగా పెట్టాను.

మధ్యాహ్నాలు ఈ కాగితాలు నా భార్యకు చదివి వినిపించేవాణ్ని. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఎడమ మోకాలికి సెప్టెంబరు రెండవ వారంలో నెల్లూరులో ఆపరేషను పెట్టారు. స్టూలు మీద కాలు చాపి, వేడినీళ్ల సంచి మోకాలి మీద వేసుకుని వినేది. నేను నా స్నేహితుణ్ని అడగని ప్రశ్నలు ఆమె అడిగింది.

"ఆ లస్కరుకు పెండ్లాం లేదా?"

"ఒకచోట వస్తుంది. అన్నం పెట్టి పోతుంది."

"అంతేనా? ఆమె మీద కూడా వాయిదా పడుంటాది గదా. నీళ్లకాడికి పోతే ఆడోళ్లు ఊరుకుంటారా? ఆమెనెందుకు అడగలా మీ పంతులు?"

నేను కాగితం తిప్పాను. ఆఖరి అధ్యాయం చదివాను. అందులో లస్కరు ఒక అధికారి ముందు కూర్చుంటాడు. అధికారి అతని కేసు కట్ట తీసి బల్ల మీద పెట్టి, దారం ముడి విప్పడం మొదలుపెడతాడు. ముడి బిగిసిపోయి ఉంటుంది. గోటితో లాగుతాడు, పంటితో లాగుతాడు. వాక్యం మధ్యలో రాత ఆగిపోతుంది. నా స్నేహితుడు అంతవరకే రాసి ఆసుపత్రికి వెళ్లాడు.

"ఆ కట్టలో ఏముండాదంటావు?" అన్నాను.

"ఏమీ ఉండదయ్యా. ఉంటే ఎప్పుడో విప్పుంటారు" అంది. కొంచెంసేపు మోకాలు రుద్దుకుంది. "మత్తిచ్చి పడుకోబెడతారంట. లేస్తే లేస్తాను. లేవకపోతే బల్ల తీసుకోకుండా పోయినట్టవుతాది నాకు."

"నీ మీద ఏమీ లేదు కదా. నువ్వు తీసుకో. ఎవరు కాదన్నారు?"

"పెండ్లయిన కాడ్నించి నువ్వా పక్కా నేనీ పక్కా, ఇద్దరం ఒకే తూరి నోట్లో పెట్టుకున్నాం. ఒక్కదాన్నే నమిలేది నా చేత గాదు."

ఆపరేషనుకు ముందు మిగిలింది ఒకే ఒక మొదటి ఆదివారం. ఆమె ఆ మాట అన్న మరునాడే నేను పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్లాను.

ఆయన మా సంఘానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. కోస్తా మనిషి, వయసులో చిన్నవాడు, మాట మెత్తన. నేను విషయం చెప్పగానే నిజంగానే ఆశ్చర్యపోయారు.

"మీకు చెప్పారు కదండీ!"

"ఎవరు చెప్పారు అయ్యగారూ?"

"మే నెలలో ఇద్దరు డీకన్లు మీ ఇంటికి వచ్చారు కదా. క్రమప్రకారమే పంపాను. గద్దింపు చేశామన్నారు, మీరు అంగీకరించారన్నారు."

"మా ఇంటికి వచ్చారు. గద్దింపు జరగలేదు."

"జరిగిందండీ. ప్రార్థనలో పెట్టారట. మీరు గట్టిగా ఆమెన్ అన్నారట."

ఆ మధ్యాహ్నం నాకు బాగా జ్ఞాపకం ఉంది. మండే ఎండ. నా బావమరిది, ఇంకొక డీకను వచ్చారు. నా భార్య మజ్జిగలో అల్లం, కరివేపాకు దంచి వేసి ఇచ్చింది. రెండేసి గ్లాసులు తాగారు. సోమశిలలో నీళ్లెంత ఉన్నాయన్న మాటా, మామిడికాయల మాటా, మోకాలి మాటా అయ్యాయి. పోయేముందు ప్రార్థన చేసుకుందామన్నారు. ఇంటికి వచ్చిన విశ్వాసులు ప్రార్థన చేయకుండా లేవరు. నా బావమరిది కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థించాడు. వానల కోసం, ఆమె మోకాలి కోసం, పంటల కోసం, దేశ నాయకుల కోసం. మధ్యలో ఎక్కడో "ఈ ఇంటి యజమానుణ్ని సరిచేయి ప్రభువా, అతని అడుగు తప్పినచోట నీవే నిలబెట్టు" అన్న మాట వచ్చింది. నేను ఆమెన్ అన్నాను. ఎందుకు అనను? నన్ను సరిచేయమని ఎవరు దేవుణ్ని అడిగినా నేను ఆమెనే అంటాను.

ఈ పద్ధతి నాకు తెలియనిది కాదు. మాలో మొహం మీద చెప్పలేని మాటను ప్రార్థనలో పెడతారు. కోడలితో మాట్లాడని అత్త, కుటుంబ ప్రార్థనలో కోడలికి ఓపిక ఇమ్మని దేవుణ్ని అడుగుతుంది. కోడలు తన వంతు వచ్చినప్పుడు అత్తకు జాలిగుండె ఇమ్మని అడుగుతుంది. ఇద్దరూ ఆమెన్ అంటారు, అన్నం వడ్డించుకుంటారు. కళ్లు మూసుకుని ఉంటారు కనుక ఎవరి మొహమూ ఎవరూ చూడనక్కరలేదు. నేను కూడా ఎన్నో ఇళ్లలో అటువంటి ఆమెన్లు విన్నాను. కాని ప్రార్థనను నోటీసుగా, ఆమెన్‌ను సంతకంగా లెక్కపెడతారని నా సర్వీసంతటిలో ఎక్కడా చూడలేదు.

"అభియోగమేమిటి అయ్యగారూ?" అన్నాను.

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "అది పెద్దలకు తెలుసండీ. నేను రాకముందునుంచీ ఉన్నదంటున్నారు."

అక్కడి నుంచి నేరుగా నా బావమరిది ఇంటికి వెళ్లాను. అతను వాకిట్లో కూర్చుని మోటారు పంపు విప్పుతున్నాడు. నన్ను చూసి లేచి మంచం వాల్చబోయాడు.

"మంచం వద్దు, మర్యాద వద్దు. నేనేం చేసినానో చెప్పరా."

"బావా, నాకు నిజంగా తెలవదు. నాతో వచ్చినాయన పోదాం పద అన్నాడు, పోయినాను."

"ఆయనకెవరు చెప్పినారు?"

"అయ్యగారు పొమ్మన్నాడంట."

"అయ్యగారు పెద్దలకు తెలుసంటా ఉండాడు."

"పెద్దలంటే మేమే గదా బావా." తల గోక్కున్నాడు. గ్రీజు జుట్టుకు అంటింది. "ఏదో ఉండాదంటే ఉంటాదనుకున్నాం. నువ్వు కూడా ఆమెనంటివి. ఏమీ లేకపోతే ఎందుకంటావు అనుకున్నాం."

"మా ఇంట్లో కూర్చోని అడగొచ్చు గదరా, బావా నువ్వు ఫలానా పని చేసినావంట అని!"

"మజ్జిగ తాగి ఎట్టడిగేది? అక్క రెండోతూరి కూడా పోసింది."

అతని మీద కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించాను. రాలేదు. అతను అబద్ధం చెప్పడం లేదు. ఒకరు పొమ్మన్నారు కనుక ఇంకొకరికి తెలిసే ఉంటుంది. ఇద్దరు వెళ్లారు కనుక ఏదో ఉండే ఉంటుంది. నేను ఆమెన్ అన్నాను కనుక నాకు తెలిసే ఉంటుంది. ఇలా ఎవరికి వారు ఎదుటివారి మీద నమ్మకంతోనే నడిచారు. ఈ మొత్తంలో నా మీద ద్వేషం ఉన్నవారు ఒక్కరైనా దొరకలేదు. దొరికి ఉంటే నాకు కొంత సులభంగా ఉండేది.

ఇంటికి వచ్చి, విడిగా పెట్టిన ఆ కాలువ లేని అధ్యాయం మళ్లీ తీశాను. అందులో లస్కరు కోర్టు వరండాలో గుమాస్తాను పట్టుకుని, నా మీద కేసు ఎట్లా వచ్చిందని అడుగుతాడు. గుమాస్తా వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ చెబుతాడు. "ఎవురిదో పేరు పిలిచినాం. వరండాలో ఇంతమంది ఉండారు, నువ్వు పలికినావు. పలికినోడి మీద కేసు ఉండక యాడికి పోతాది?" సాపు చేసిన రోజుల్లో ఈ మాటను హాస్యం కోసం పెట్టిన మాటగా తీసుకున్నాను. ఇప్పుడు ఆ అధ్యాయం ఎక్కడ ఉండాలో తెలిసింది. మొదట ఉండాలి. నేరం మొదటి పేజీలో రాయమని ఏళ్ల తరబడి నేను పట్టుబట్టిన చోట అతను ఈ పేజీని రాసి ఉంచాడు. అంకె వేయలేదు, అంతే.

తరువాత ఆ నవల మొత్తం ఇంకొకసారి చదివాను, ఒక్క విషయం కోసం. లస్కరు ఎంతమందిని ఏమేమి అడిగాడన్నది చూశాను. ఎవరి కాళ్లు పట్టుకోవాలని అడిగాడు. ఎప్పుడు తేలుతుందని అడిగాడు. మంచి ప్లీడరు ఎవరని అడిగాడు. ‘నా మీద ఉన్నదేమిటో రాసివ్వండి’ అని మాత్రం ఎక్కడా ఎవరినీ అడగలేదు. పిలిచిన ప్రతిసారీ పలకడమే అతని పనయింది. ఎదుటివారిని పలికించే పని అతను చేయలేదు.

మరుసటి బుధవారం పాస్టరు అయ్యగారే మా ఇంటికి వచ్చారు. నా భార్య ఆపరేషను సంగతి ఆయనకు తెలిసింది. మనసు మంచిదే. ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"అమ్మా, దీన్ని పెద్దది చేసుకోవద్దు. సార్ వచ్చే ఆదివారం లేచి, ‘తప్పయింది, క్షమించండి’ అని ఒక్క మాట అంటే చాలు. సంఘం క్షమిస్తుంది. మొదటి ఆదివారం ఇద్దరూ బల్ల తీసుకోండి. మీరు ధైర్యంగా నెల్లూరు వెళ్లండి."

నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు తీపిగా వినిపించింది. ఒక్క మాట. ఆమె అరచేతిలో రొట్టె, నా అరచేతిలో రొట్టె. ఎదురుగా కనిపించింది. నేను ఆమె వైపు చూశాను.

"ఏ తప్పని చెప్పాల అయ్యగారూ?" అంది ఆమె.

"ఏదని చెప్పనవసరం లేదమ్మా. తప్పయింది అంటే చాలు."

"ఏదని చెప్పకపోతే మీరు దేన్ని క్షమిస్తారు?"

ఆయన లేవబోతూ, ప్రార్థన చేసుకుందామన్నారు. చేసుకున్నాం. ఆయన మెల్లగా, చాలా శ్రద్ధగా ప్రార్థించారు. ఆఖరున నేను ఆమెన్ అనలేదు. బతుకులో మొదటిసారి, ఒక ప్రార్థన చివర పెదవులు బిగించి కూర్చున్నాను. ఆ మాటను ఆపుకోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఆమె కూడా అనలేదు.

ఆయన వెళ్లాక ఆమె అంది. "మీ పంతులు ఉంటే ఏం రాసుండేవోడో?"

"ఇంకో వాయిదా రాసుండేవాడు."

"అయితే నువ్వు రాయి. నీ దస్తూరీ బాగుంటాదిగా."

రాశాను. ఆ సాయంత్రమే సాపు చేసి, ఒక ప్రతి నా వద్ద ఉంచుకుని, ఒక ప్రతి పాస్టరు అయ్యగారికి స్వయంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. దాని పాఠం ఇది:

సంఘ కాపరి గారికి, సంఘ పెద్దలకు వందనములు.

జూన్ మొదటి ఆదివారం నుంచి నన్ను ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. ఎందుకు ఉంచారో నాకు ఇంతవరకు తెలియదు. విచారించగా, ఉంచినవారికి కూడా తెలియదని అర్థమైంది.

మే నెలలో మా ఇంట్లో జరిగిన ప్రార్థనకు నేను ఆమెన్ చెప్పిన మాట వాస్తవం. ఆ ఆమెన్‌ను నేను వెనక్కి తీసుకోవడం లేదు. అది దేవునికి చెప్పినది. దానిని సంఘం నా ఒప్పుకోలుగా లెక్కించడం న్యాయం కాదు.

పేరు లేని తప్పును నేను ఒప్పుకోలేను. తప్పు ఉంటే ఆ తప్పు పేరు, చెప్పినవారి పేరు, అది జరిగిన కాలం నాకు తెలియజేయండి. అది నిజమైతే సంఘం ఎదుట నిలబడి, దాని పేరు పెట్టి, క్షమాపణ అడుగుతాను. అందుకు నాకు సిగ్గు లేదు. ఏ తప్పూ లేకపోతే, లేదని రాయండి.

నా భార్య మీద ఏ ఫిర్యాదూ లేదు. అయినా మూడు నెలలుగా ఆమె బల్ల తీసుకోలేదు. నేను లేకుండా తీసుకోనంటోంది. సెప్టెంబరు రెండవ వారంలో ఆమెకు ఆపరేషను ఉన్నది. ఆ లోపల ఒకే ఒక బల్ల ఆరాధన ఉన్నది. ఆమెకు కూడా మీరు జవాబు చెప్పవలసి ఉన్నది.

కనుక, సెప్టెంబరు మొదటి ఆదివారానికి ముందటి శనివారం సాయంత్రంలోగా, పై అంశాలన్నింటికీ కాగితం మీద, తేదీ వేసి, పెద్దలందరి సంతకాలతో జవాబు ఇవ్వవలసిందిగా ఇందుమూలంగా కోరుతున్నాను.